పీతలదిబ్బకి అందని సంధి

దేముడమ్మ మొగుణ్ణి పాకిస్తాను వాడు చంపలేదు. పీతలదిబ్బ అనే పాలెం ఒకటి ఈ భూమి మీద ఉందన్న సంగతే వాడికి తెలియదు. అయినా సోములు ఆ యుద్ధంలోనే పోయాడు. అరవై అయిదు సెప్టెంబరులో, మన ట్యాంకులు వాళ్ళ ట్యాంకుల్ని తుక్కుతుక్కు చేస్తున్నాయని రేడియో ఊదరగొడుతున్న ఒక సాయంత్రం, ఒడ్డు కళ్ళెదుట ఉండగా పోయాడు.

పీతలదిబ్బలో తెప్పలు మధ్యాహ్నం వెళ్ళి చీకటి పడ్డాక తిరిగొస్తాయి. ఒడ్డు పొడుగునా నీళ్ళలో నల్లరాళ్ళు. ఇసుకదిబ్బకి ఎదురుగా ఒక్కచోటే రాళ్ళు లేని దారి ఉంది. అందుకని తాతలనాటి నుంచీ అక్కడొక పద్ధతి. రోజుకొక ఇంటివాళ్ళు వంతు వేసుకుని, పొద్దుగూకగానే దిబ్బ మీద తాటాకులు పోగేసి మంట వేస్తారు. దాన్ని ఒడ్డుమంట అంటారు. సముద్రం మీదున్నవాడు ఆ మంటని ముక్కుకి సూటిగా పెట్టుకుని తెడ్డు వేస్తే చాలు, ఇసుకలోకి వచ్చి పడతాడు.

యుద్ధం మొదలైన ఆ రోజుల్లో ఒకనాడు, తెప్పలు సముద్రం మీదికి వెళ్ళిపోయాక, మునసబు గణపతిరావు తలారి దాలయ్య చేత పాలెంలో డప్పు వేయించాడు. పొద్దుగూకాక ఒడ్డున వెలుతురు కనిపించకూడదు. మంట వేస్తే శత్రువుకి సైగ చేసినట్టే. వేసినవాళ్ళు జైలుకి పోతారు. ఆ రోజు ఒడ్డుమంట వంతు దేముడమ్మది. ఆమె తాటాకుల మోపు నెత్తిన పెట్టుకుని దిబ్బ ఎక్కింది. దాలయ్య కర్ర అడ్డం పెట్టాడు.

"వద్దే అప్పా. నాకు కొలువు పోతాది, నీకు జైలొస్తాది."

"ఒరే, మీ బావ సముద్రం మీదున్నాడురా."

"పాకిస్తానోడు కూడా సముద్రం మీదే ఉన్నాడంట. మునసబు బాబు సెప్పినాడు."

ఆమె మోపు దింపి దాని మీదే కూర్చుంది. అలా కూర్చున్నందుకు తనని తాను తరవాత ఎన్ని తిట్లు తిట్టుకుందో చెప్పలేం.

ఆ చీకట్లో ఒడ్డంతటికీ ఒక్కటే వెలుతురు. అది మునసబు మేడ మీది పెట్రోమాక్సు లైటు. గణపతిరావు యుద్ధవార్తలు వింటున్నాడు. గాలి కోసం సముద్రం వైపు కిటికీ తెరిచి ఉంది. డప్పు మోగింది పాలేనికి గాని మేడకి కాదు కదా! సోములు ఆ వెలుతురే ఒడ్డుమంట అనుకున్నాడు. ఒడ్డున వెలుగుతున్నది ఒడ్డుమంట తప్ప మరొకటి అయి ఉంటుందని పాలెంలో పుట్టినవాడెవడూ అనుకోడు. దాన్నే ముక్కుకి సూటిగా పెట్టుకుని తెడ్డు వేశాడు. మేడకి సూటిగా ఉన్నవి రాళ్ళు. తెప్ప మీద తండ్రితో ఉన్న కొడుకు లక్ష్ముడు ఈదుకుని ఒడ్డుకొచ్చాడు. వాడి కేకలు విని వెనకవస్తున్న తెప్పలు అక్కడే ఆగిపోయి, తెల్లవార్లూ సముద్రం మీదే ఊగాయి.

మర్నాడు గణపతిరావు చెప్పులు విప్పకుండా ఇసుకలో నడిచి వచ్చి, "దేశం కోసం కొన్ని త్యాగాలు తప్పవు దేముడూ" అన్నాడు.

దేముడమ్మ ఏడుస్తూనే తలెత్తి, "ఏ దేశం బాబూ?" అని అడిగింది.

విదేశాంగ విధానం మీద ఆమె వేసిన మొదటి ప్రశ్న అది. ఆ సాయంత్రం నుంచీ మేడ కిటికీకి ఒక గోనెపట్టా వేలాడింది. ఆ ఊళ్ళో తప్పు ఒప్పుకున్నది ఆ గోనెపట్టా ఒక్కటే.

ఆ నెలాఖరుకే యుద్ధం ఆగింది. విజయనగరంలో స్వీట్లు పంచారు. కాఫీ హోటళ్ళలో కూర్చుని లాహోరు దాకా వెళ్ళినవాళ్ళు మళ్ళీ వెనక్కి వచ్చి దోసెలకి ఆర్డరిచ్చారు. కాని పీతలదిబ్బలో మంట వెలగలేదు. ఎందుకంటే డప్పు మోగలేదు.

ఇది బయటివాళ్ళకి అర్థం కాదు. అమ్మవారి పండక్కి పాలెంలో డప్పు వేసి సముద్రం మూస్తారు. మళ్ళీ డప్పు వేసి తెరిచేదాకా, ఇంట్లో పిల్లలు పస్తులున్నా, ఎదురుగా చేపలు గంతులేస్తున్నా ఎవడూ తెప్ప మీద చెయ్యి వెయ్యడు. డప్పుతో కట్టిన మాటని డప్పే విప్పాలి. రేడియో విప్పలేదు, పేపరు విప్పలేదు. ఇది మూర్ఖత్వం అని నవ్వే గుమాస్తాలు, ఒక కాగితం కట్టిన ముడిని ఇంకో కాగితం వచ్చి విప్పేదాకా తాము ఎన్నేళ్ళు బల్లల దగ్గర కునుకుతారో ఒకసారి లెక్క చూసుకుంటే మంచిది.

లక్ష్ముడు తండ్రి తెప్ప దుంగల్ని మళ్ళీ కట్టుకుని సముద్రం మీదికి వెళ్ళడం మొదలెట్టాడు. చీకట్లో అలల చప్పుణ్ణి బట్టి రాళ్ళెక్కడో ఊహించుకుంటూ వచ్చేవాడు. దేముడమ్మ దిబ్బ మీద కూర్చుని వాడి పేరు పెట్టి గొంతు పోయేలా కేకలేసేది. గాలి ఎదురైతే ఆ కేక ఆమె నోటిదగ్గరే చచ్చిపోయేది. దాలయ్య డప్పు వెయ్యాలి, మంట వెలగాలి, కొడుకు ఇంటికి రావాలి. ఆమెకి కావలసింది ఇంతే. ఇంత చిన్న కోరిక కోసం ఆమె ప్రపంచాన్నంతా తెలుసుకోవలసి వచ్చింది.

జనవరిలో తాష్కెంటులో సంధి జరిగింది. ఆ సంధి చేసిన ప్రధానమంత్రి అక్కడే పోతే దేశం ఏడ్చింది, పీతలదిబ్బ కూడా ఏడ్చింది. ఆ ఏడుపు సద్దుమణిగాక దేముడమ్మ మేడకి వెళ్ళి వసారాలో బుట్ట దింపింది. పాలెం నుంచి రోజూ మేడకి కూరచేపలు వెళ్ళడం మామూలు. గణపతిరావు పడక్కుర్చీలో పేపరు చదువుతున్నాడు.

"బాబూ, యుద్ధం అయిపోనాదంట కదా?"

"అయిపోయిందే. మనమే గెలిచాం."

"గెలిసి ఆల ఊళ్ళేవో తీసుకున్నారంట. అయ్యేటి సేసినారు?"

"తిరిగి ఇచ్చేస్తున్నాం. శాంతి కోసం. అదీ మన గొప్పతనం."

"ఎవులిది ఆలకిచ్చీడమేనా?"

"ఇచ్చేయడమే."

"మరయితే మా మంట మాకిచ్చీండి బాబూ."

గణపతిరావు పేపరు దించి ఆమెని ఎగాదిగా చూశాడు. "మంటకీ దానికీ సంబంధం ఏమిటే? అది అంతర్జాతీయం."

"మరి మాదేటి?"

"మీది శాంతిభద్రతలు. పైగా ఎమర్జెన్సీ ఇంకా ఉంది. చైనావాడు వచ్చినప్పుడు పెట్టారు. ఎత్తలేదు."

"సైనావోడు ఎల్లిపోయి శానాళ్ళయినాది కదా బాబూ?"

"వాడు వెళ్ళాడు. ఎమర్జెన్సీ ఉండిపోయింది."

"సుట్టం ఎల్లిపోయి ఆడి దగ్గు ఇంట్లో ఉండిపోనట్టు" అని దేముడమ్మ బుట్ట ఎత్తుకుంది.

అప్పటి నుంచి ఆమె చేపలతో పాటు లోకవార్తలు కూడా మోసింది. విజయనగరం బజారులో బుట్ట ముందు కూర్చుని, వచ్చినవాళ్ళందర్నీ ఎక్కడెక్కడ ఎవడెవడు కొట్టుకుంటున్నాడో అడిగేది. సగం వాళ్ళు తప్పు చెప్పేవారు, మిగిలిన సగం ఆమె తప్పుగా పట్టేది. చాలాకాలం దాకా ఆమె లెక్కలో రష్యా అంటే కలకత్తా దాటాక వచ్చే పెద్ద ఊరు. కాని ఎవడి తప్పు ఎవడి నెత్తిన పడుతుందో ఆ లెక్క ఒక్కటీ ఆమెకి ఎప్పుడూ తప్పలేదు.

అరవై ఆరులో వానల్లేక కరువొచ్చి, రేషను దుకాణాల్లో అమెరికా గోధుమలు పోస్తున్నప్పుడు బస్సులో ఆమె అన్న మాట పాలేలన్నీ తిరిగింది.

"అమెరికావోడు ఓ ఓడలో మనకి గోదుములు అంపుతన్నాడంట, ఇంకో ఓడలో వియత్నావోళ్ళకి బాంబులు అంపుతన్నాడంట. సీకట్లో ఓడలు మారిపోతే ఏటి గతి? ఆ ఒడ్డున కూడా మంటెయ్యొద్దన్నారేమో!"

బస్సంతా ఘొల్లుమంది. కండక్టరు, "అప్పా, నిన్ను దిల్లీ అంపాలే" అన్నాడు.

"అంపు. ముందు బుట్టకి టిక్కట్టడగడం మానీ."

గణపతిరావుకి ఆమె మాటలు ఎక్కడ తగలాలో అక్కడ తగిలేవి. అయినా చేపల కోసం భరించేవాడు. ఒకసారి కూటములూ, అలీన విధానమూ అంటూ వసారాలో పదిమందికి ఉపన్యాసమిచ్చి, "మనం ఎవరి పక్షమూ కాదు దేముడూ. అమెరికావాడితోనూ ఉంటాం, రష్యావాడితోనూ ఉంటాం" అన్నాడు.

"నాకెరికే బాబూ. ఇద్దరు కోడళ్ళున్న అత్త లాగన్నమాట. రెండిళ్ళలోనూ తింటాది, రెండిళ్ళలోనూ తిట్లు తింటాది. మరి మా పచ్చం ఎవులు బాబూ?"

"ప్రభుత్వమే మీ పక్షం."

"అయితే డప్పు?"

"మళ్ళీ మొదలెట్టావూ!"

అరవై ఏడులో ఎన్నికలొచ్చాయి. ఒక పార్టీ అభ్యర్థి జీపులో వచ్చి ఇసుకదిబ్బ మీద నిలబడి కాశ్మీరం గురించి మాట్లాడాడు, చైనా అణుబాంబు గురించి మాట్లాడాడు. పీతలదిబ్బకి మంచినీళ్ళ బావి లేదన్న ఒక్క మాట తప్ప అన్నీ మాట్లాడాడు. పక్కన గణపతిరావు కండువా సర్దుకుంటూ నిలబడ్డాడు. చప్పట్లు అయ్యాక దేముడమ్మ లేచింది.

"బాబూ, యుద్ధం అయిపోనాదా, అవనేదా? ఒక్క ముక్క సెప్పండి."

"అయిపోయిందమ్మా! మనం గెలిచాం!"

"అదిగో, ఆడే దాలయ్య. ఆ డప్పు ఆడిదే. యుద్ధం అయిపోనాదని ఇక్కడే ఓ మాటు కొట్టించీండి."

అభ్యర్థి మునసబు వైపు చూశాడు. మునసబు ఆకాశం వైపు చూశాడు.

"అమ్మా, నేను గెలిస్తే ఇక్కడ పెద్ద లైట్ హౌసు కట్టిస్తాను. విదేశీ ఓడలు కూడా చూసి ఆశ్చర్యపోవాలి!"

"ఓడలెందుకు బాబూ, నా కొడుక్కి ఇల్లు కనిపిస్తే సాలు. డప్పు కొట్టించండి."

"అది రెవిన్యూ వాళ్ళ విషయం తల్లీ" అంటూ ఆయన జీపెక్కేశాడు. ఇసుక లేచి అందరి కళ్ళలో పడింది.

పక్కింటి అసిరమ్మ కళ్ళు నులుముకుంటూ, "కాశ్మీరమైనా ఇచ్చీసీలాగున్నాడు గానీ, డప్పు మీద దెబ్బ ఎయ్యనీడు" అంది.

ఆ జూనులో అరబ్బులకీ ఇజ్రాయెలుకీ యుద్ధమొచ్చింది. వారం తిరక్కుండానే అదీ అయిపోయింది. ఆ రోజుల్లోనే ఒక మబ్బు సాయంత్రం లక్ష్ముడి తెప్ప రాళ్ళని రాసుకుని, వాడి పిక్క మోకాలి దాకా చీలిపోయింది. ఎవడో ఈదుకెళ్ళి వాణ్ణి జుట్టు పట్టుకుని లాక్కొచ్చాడు. మర్నాడు పొద్దున్నే, ఇంకా రక్తం ఆరని చీరతోనే దేముడమ్మ మేడకి వెళ్ళింది. వసారాలో గణపతిరావు ఎవరికో లోకం విప్పి చూపిస్తున్నాడు.

"సూయజ్ కాలవ మూసేశారండీ. ఇంక ఓడలన్నీ ఆఫ్రికా చుట్టూ తిరిగి రావలసిందే. ఎంత నష్టం! ఎంత దూరం! దగ్గర దారి ఉండగా మూసెయ్యడం ఏం న్యాయం చెప్పండి?"

దేముడమ్మ మెట్ల దగ్గరే ఆగిపోయింది. ఆ రోజు ఆమె గొంతులో ఎగతాళి లేదు.

"బాబూ, ఆ ఓడల మీద ఇంత జాలుంది నీకు. నా కొడుకు కూడా ఆఫ్రికా సుట్టూ తిరిగే ఇంటికి రావాలేటి?"

గణపతిరావు నేల చూస్తూ, "పైనుంచి కాగితం రావాలి దేముడూ. నా చేతిలో ఏముంది?" అన్నాడు. అబద్ధమని ఆయనకీ తెలుసు. మంట వెయ్యొద్దన్నప్పుడు ఏ కాగితం చూపించాడని! కాని ఇప్పుడు డప్పు వేయిస్తే, ఆ వేళ వేయించిన డప్పు గురించీ, ఆ వేళ వెలిగిన లైటు గురించీ జనం మళ్ళీ మాట్లాడుకుంటారు. యుద్ధాన్ని ఆపడం కంటే తప్పుని ఒప్పుకోవడం కష్టం. దిల్లీ నుంచి పీతలదిబ్బ దాకా ఇది అందరు పెద్దమనుషులకీ ఉన్న జబ్బే.

అరవై ఎనిమిది జనవరిలో ఎమర్జెన్సీ ఎత్తేశారు. దేముడమ్మకి ఆ కబురు విజయనగరం బజారులో తెలిసింది. అమ్మకం మధ్యలో వదిలేసి బస్సెక్కింది.

"దగ్గు తగ్గిపోనాది బాబూ. ఎమర్జెన్సీ ఎత్తీసినారు."

"ఎత్తితే ఎత్తారు. నాకు ఆర్డరు రాలేదు" అన్నాడు గణపతిరావు.

ఆమె వాదించలేదు. పాలేనికి వచ్చి ఆడవాళ్ళని పోగేసింది.

"యుద్ధమప్పుడు అమెరికావోడు మనకీ ఆలకీ కూడా తుపాకులు ఆపీసినాడని మునసబు బాబే సెప్పినాడు. ఆపీస్తే ఏటవుతాదో మనమూ సూద్దుం. రేపటి నుంచి మేడకి సేపలు ఆపీండి."

"జైలుకంపుతాడేమోనే?" అంది అసిరమ్మ.

"ఏటని అంపుతాడు? ఇగురు ఒండనియ్యలేదనా?"

మేడకి చేపలు ఆగిపోయాయి. గణపతిరావు మొదట నవ్వాడు. తరవాత పప్పు తిన్నాడు. తరవాత గుమ్మడికాయ తిన్నాడు. పొరుగు పాలేనికి మనిషిని పంపాడు. వాళ్ళు పీతలదిబ్బకి వియ్యాలవారు. తాము ఎవరి పక్షమూ కాదని చెప్పి, పచ్చిచేపలు ఇవ్వకుండా పురుగు పట్టిన ఎండుచేపలు ఇచ్చి పంపారు. ఇంటావిడ అవి చూసి పళ్ళెం విసిరికొట్టిందని మేడలో పనిచేసే మనిషి చెప్పింది. "ఆ ముదనష్టపు డప్పేదో వేయించండి, లేకపోతే మీరే వల పట్టుకుని దిగండి" అందట.

ఒక సాయంత్రం దాలయ్య డప్పు వేసుకుంటూ పాలెంలోకి వచ్చాడు. నాలుగు వీధులకూ అదే దరువు, అవే మలుపులు.

"పీతలదిబ్బ జనానికి తెలియజెయ్యడమేటంటే! ప్రభుత్వంవారు దయతలిసి, ఒడ్డున మంట ఏసుకోడానికి సెలవిచ్చినారహో!"

సోములు పేరు అందులో లేదు. మేడ పేరూ లేదు. దేముడమ్మ గుమ్మంలో నిలబడి చివరి దెబ్బ దాకా విన్నది. దాలయ్య ఆమె ఎదటికి రాగానే కర్ర దించి, గొంతు తగ్గించి, "ఎలిగించే అప్పా" అన్నాడు.

ఆ వేళ వంతు అసిరమ్మది. అయినా అసిరమ్మ తన మోపు తెచ్చి దేముడమ్మ నెత్తిన పెట్టింది. మంట లేచింది. పాలెమంతా దిబ్బ ఎక్కింది. లక్ష్ముడు కుంటుతూ తెప్ప లాక్కొచ్చి, అంతమందిని చూసి, "ఏటమ్మా, ఎవులి పెళ్ళి?" అన్నాడు.

"యుద్ధం అయిపోనాదిరా" అంది దేముడమ్మ. "ఈయేలే."

కథ అక్కడ ఆగి ఉంటే బాగుండేది. కాని మనుషులు బాగుండటం కోసం ఈ దేశంలో ఏదీ ఆగదు. ఏడాది తిరిగేసరికి కొండల్లో గిరిజనులకీ భూస్వాములకీ తగాదాలు ముదిరాయి. పోలీసు వ్యానులు కొండల వైపు పరిగెత్తాయి. విజయనగరం హోటళ్ళలో జనం గొంతు తగ్గించి మాట్లాడటం నేర్చుకున్నారు. ఇప్పుడు శత్రువు సరిహద్దు అవతల లేడు, లోపలే ఉన్నాడని గణపతిరావు వసారాలో చెప్పాడు. పైనుంచి నిజంగా మాట వచ్చిందో, ఆయన భయమే ఆయనకి ఆర్డరయిందో తెలియదు. ఒక మధ్యాహ్నం దాలయ్య మళ్ళీ వచ్చాడు. పొద్దుగూకాక ఒడ్డున మంటలు వెయ్యకూడదు. కొండల్లో వాళ్ళకి అది సైగ. దరువు వేస్తున్నంతసేపూ దాలయ్య ఎవరి మొహమూ చూడలేదు.

మగవాళ్ళు తెప్పల మీద వెళ్ళిపోయి ఉన్నారు. ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డప్పుతో కట్టిన మాట. అమ్మవారి కాలం నుంచీ ఎవరూ దాటనిది. దేముడమ్మ చాలాసేపు కదల్లేదు. ఆమె లోపల ఏం తెగిందో, ఎంత నొప్పి పెట్టి తెగిందో పైకి కనిపించలేదు. పొద్దు వాలుతుండగా తాటాకుల మోపు నెత్తిన పెట్టుకుని, దొడ్డిదారిన కాకుండా మేడ ముందు నుంచే నడిచింది.

గణపతిరావు వసారా మెట్ల మీద నిలబడి ఉన్నాడు. ఆ వారంలోనే ఆయన కళ్ళకి ఆపరేషనని పట్నంలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. వాళ్ళిద్దరూ ఎదురుపడటం అదే ఆఖరు.

"దేముడూ, ఆగు. డప్పు విన్నావు కదా?"

ఆమె ఆగింది. నెత్తి మీది మోపు చేత్తో సర్దుకుంది.

"ఏ డప్పు బాబూ? సముద్రం హోరెత్తిపోతన్నాది, నాకేటీ ఇనపడనేదు. మా ఎవులికీ ఇనపడనేదు. మాకినపడాలంటే మీరే మేడ దిగి దిబ్బ మీదికొచ్చి కొట్టించండి. సీకటి పడ్డాకే రండి, బయపడకండి. మంట ఉంటాది, దారి తెలుస్తాది."